గెలిపించేది కోచా, ఆటగాళ్లా? రహీం సాబ్ జీవితం చెప్పే జవాబు

ఈ మధ్య అనకాపల్లిలో ఒక ఇంటర్ కాలేజ్ వాలీబాల్ మ్యాచ్ చూశాను. రెండు జట్లూ చెరో రెండు సెట్లు గెలిచాయి. ఐదో సెట్ 13-13 దాకా వచ్చింది. అక్కడ మన ఊరి కుర్రాళ్ల సర్వీస్ ఒకటి నెట్‌కి తగిలింది, తర్వాతి బంతి లైన్ బయట పడింది. మ్యాచ్ పోయింది.

గ్రౌండ్ బయట టీ కొట్టు దగ్గరికి వచ్చేసరికే పంచాయితీ మొదలైపోయింది. పీడీ సార్ సరిగ్గా ప్రాక్టీస్ చేయించలేదని సగం మంది, సర్వీస్ కొట్టేది కుర్రాడైతే సార్ ఏం చేస్తాడని మిగతా సగం. ఎవరూ తగ్గట్లేదు. అక్కడే కూర్చున్న ఒక పెద్దాయన, నేను చచ్చా అని పిలిచే మనిషి, అంతా విని ఒక్క మాట అడిగారు. మీలో ఎవరికైనా హైదరాబాద్ రహీం సాబ్ తెలుసా అని. కుర్రాళ్లు మొహాలు చూసుకున్నారు. ఒకడు మాత్రం అజయ్ దేవగణ్ సినిమా ఉంది కదా అన్నాడు.

అవును, 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా ఆయన మీదే. కానీ ఆయన్ని సినిమాతోనే గుర్తుపట్టాల్సి రావడం నాకు కొంచెం బాధేసింది. సయ్యద్ అబ్దుల్ రహీం మన తెలుగు నేల మనిషి, స్కూల్ టీచర్. భారత ఫుట్‌బాల్ జట్టుకి రెండుసార్లు ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చిన కోచ్. ఆయన ఆట ఫుట్‌బాల్, మన పంచాయితీ వాలీబాల్ మీద. అయినా గెలిపించేది కోచా, ఆటగాళ్లా అనే ప్రశ్నకి ఆయన జీవితం కంటే మంచి పాఠం నాకు కనిపించలేదు.

బడిపంతులు

రహీం సాబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. అప్పటికి అది నిజాం రాజ్యం. ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకుంటూ యూనివర్సిటీ జట్టుకి ఫుట్‌బాల్ ఆడారు. తర్వాత ఊళ్లోని క్లబ్బులకీ ఆడారు. బీఏ అయ్యాక టీచర్‌గా చేరారు. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూమ్ హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్, ఇలా ఒక్కో బడిలో పనిచేశారు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా తీసుకున్నారు. అంటే ఇవాళ మనం పీఈటీ సార్ అని పిలిచే ఉద్యోగం కూడా చేసిన మనిషే.

ఈ సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. మంచి ఆటగాడు రిటైరై కోచ్ అవ్వడం ఒక దారి. రహీం సాబ్‌ది వేరే దారి. క్లాసులో నలభై మంది పిల్లల్ని కూర్చోబెట్టి, ఎవడికి ఏది ఎక్కడంలేదో చూసి, వాడికి అర్థమయ్యేలా ఇంకోసారి చెప్పడం ఆయనకి అలవాటైన పని. గ్రౌండ్‌లో కూడా అదే చేశారు.

1940ల్లో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ అయ్యారు. పిల్లల కోసం రకరకాల పోటీలు పెట్టారు. వాటిలో రెండు చాలా పేరు తెచ్చుకున్నాయి. ఒక పోటీలో డ్రిబ్లింగ్ చేయకూడదు. బంతి అందగానే పక్కవాడికి పాస్ ఇచ్చేయాలి. ఇంకో పోటీలో బలహీనమైన కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే తన్నాలి.

వింటే పిల్లల ఆటలా ఉంటుంది గానీ ఇందులోనే అసలు సంగతంతా ఉంది. పెద్ద మ్యాచ్‌లో బంతి ఎడమకాలికి వచ్చినప్పుడు దాన్ని కుడికాలికి మార్చుకునే టైం ఉండదు. ఆ అర సెకనులో కోచ్ ఏమీ చేయలేడు, తన్నాల్సింది ఆటగాడే. కానీ ఆ ఎడమకాలు పనికొస్తుందా లేదా అన్నది రెండేళ్ల కిందట ఏదో సాయంత్రం గ్రౌండ్‌లోనే తేలిపోయి ఉంటుంది.

సిటీ పోలీస్ జట్టు

1950లో రహీం సాబ్ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుని చేతిలోకి తీసుకున్నారు. చనిపోయేదాకా ఆ జట్టుని వదల్లేదు. అప్పట్లో దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ పేర్లు చెప్తేనే మిగతా ఊళ్ల వాళ్లు సగం ఓడిపోయేవాళ్లు. అలాంటిది 1950 డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌నే మన పోలీస్ జట్టు ఓడించింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ని 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు గెలిచింది.

రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని కూడా హైదరాబాద్ జట్టు 1956, 1957 సీజన్లలో వరుసగా రెండుసార్లు తెచ్చుకుంది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక సిటీ పోలీస్ జట్టు పేరు ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయ్యింది. కాబట్టి ఇది ఒక్క హైదరాబాద్ వాళ్లే చెప్పుకునే గొప్ప కాదు, అనకాపల్లి వాళ్లకీ ఇందులో వాటా ఉంది.

ఒక్క ఏడాది కప్పు గెలిస్తే ఎవరో ఒక స్టార్ ఆటగాడు గెలిపించాడు అనుకోవచ్చు. వరుసగా ఐదేళ్లు గెలిస్తే దాని వెనక ఒక పద్ధతి ఉందని ఒప్పుకోక తప్పదు.

ఆయనకి ఆటగాళ్లని వెతికి పట్టుకునే కన్ను కూడా ఉంది. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం పేద ఇంటి కుర్రాడు. రోజూ ప్రాక్టీస్‌కి రావడానికి డబ్బుల్లేకపోతే సైకిల్ అద్దెకి రహీం సాబే సాయం చేశారని బలరాం పెద్దయ్యాక చెప్పుకునేవారు. ఆ కుర్రాడే రెండు ఒలింపిక్స్ ఆడాడు. సైకిల్ అద్దె స్కోర్‌బోర్డు మీద కనిపించదు. నేను కామర్స్ చదివినవాణ్ని కాబట్టి నాకు ఇలా అనిపిస్తుంది: ఖర్చు ఒక ఏడాది పద్దులో పడింది, లాభం ఎన్నో ఏళ్ల తర్వాత వేరే పద్దులో కనిపించింది. రెండిటినీ కలిపి చూసే అలవాటు మనకి తక్కువ.

పది గోల్స్ తిన్న రోజు

1951లో మొదటి ఆసియా క్రీడలు ఢిల్లీలో జరిగాయి. రహీం సాబ్ కోచ్, శైలెన్ మన్నా కెప్టెన్. ఫైనల్లో మేవాలాల్ కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో ఇరాన్‌ని ఓడించి బంగారు పతకం తీసుకున్నాం.

ఇక్కడితో ఆపేస్తే కోచే గొప్ప అనేయొచ్చు. కానీ మరుసటి ఏడాదే, 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో, అదే రహీం సాబ్ కోచ్‌గా ఉండగా యుగోస్లావియా చేతిలో మన జట్టు 10-1 తేడాతో ఓడిపోయింది. మనవాళ్లలో చాలామంది అప్పటికి ఒట్టి కాళ్లతోనే ఆడేవాళ్లు. ఆ చలి దేశంలో బూట్లు వేసుకున్న బలమైన జట్టు ముందు నిలబడలేకపోయారు. కోచ్ ఉన్నంత మాత్రాన గెలుపు రాసిపెట్టి ఉండదని ఆ ఒక్క మ్యాచ్ చాలు చెప్పడానికి.

ఆ తర్వాత జరిగింది చూడాలి. దేశంలో ఫుట్‌బాల్‌కి బూట్లు తప్పనిసరి చేశారు. రహీం సాబ్ కూడా సాకులు వెతుక్కోలేదు. ఆ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన హంగరీ ఆటని గమనించి వచ్చారు. వాళ్ల సెంటర్ ఫార్వర్డ్ ఎప్పుడూ గోల్ ముందే కాపు కాయకుండా వెనక్కి దిగి బంతి అందుకుంటాడు. అతన్ని పట్టుకోవడానికి డిఫెండర్ ముందుకొస్తే వెనక ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలోకి ఇంకొకడు దూరతాడు. ఈ ఆలోచనని రహీం సాబ్ మన కుర్రాళ్లకి సరిపడేలా మలిచారు. మనవాళ్లు ఒళ్లు బలంతో యూరప్ వాళ్లని నెట్టలేరు కాబట్టి చిన్న చిన్న పాసులు, వేగం, చోటు మార్చుకోవడం నేర్పారు. 1958 ప్రపంచ కప్‌లో బ్రెజిల్ పేరు మోగించిన 4-2-4 లాంటి అమరికని అంతకుముందే ఆయన మన జట్టుతో ఆడించారని ఫుట్‌బాల్ చరిత్ర రాసినవాళ్లు చెప్తారు.

మెల్‌బోర్న్, ఆ తర్వాత రోమ్

నాలుగేళ్లలో ఫలితం కనిపించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సొంత గడ్డ మీద ఆడుతున్న ఆస్ట్రేలియాని మన జట్టు 4-2తో ఓడించింది. బొంబాయి కుర్రాడు నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ చేసిన మొదటి ఆసియా ఆటగాడు అతనే. ఆ జట్టులో బలరాం, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, లతీఫ్, జుల్ఫికరుద్దీన్ లాంటి హైదరాబాదీలు చాలామంది ఉన్నారు.

సెమీఫైనల్లో మళ్లీ అదే యుగోస్లావియా ఎదురైంది. నెవిల్ గోల్‌తో మొదట ఆధిక్యంలోకి వెళ్లింది మనమే. తర్వాత ఓడిపోయాం, 4-1. కాంస్యం కోసం ఆడిన మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 3-0తో ఓడి నాలుగో స్థానంతో తిరిగొచ్చాం. నాలుగేళ్ల కిందట పది గోల్స్ వేసిన జట్టు మీద, ఒలింపిక్స్ సెమీస్‌లో, మొదటి గోల్ మనది. ఆ మధ్యలో జరిగిన పని ఎంతో దీన్నిబట్టి అంచనా వేసుకోవచ్చు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేసుకున్నాం. హంగరీ మీద 2-1తో, పెరూ మీద 3-1తో ఓడిపోయాం. ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. ఆ జట్టుతో రహీం సాబ్ కొడుకు సయ్యద్ షాహిద్ హకీం కూడా వెళ్లారు. కానీ ఒక్క మ్యాచ్‌లోనూ ఆడే అవకాశం రాలేదు. కోచ్ కొడుకైనా బెంచి మీదే కూర్చున్నారు. మన ఊరి జట్ల సెలక్షన్లలో జరిగే సిఫార్సులు చూసినవాళ్లకి ఈ సంగతి విలువ వేరే చెప్పక్కర్లేదు. హకీం సాబ్ తర్వాత ఫిఫా రిఫరీ అయ్యారు, 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్నారు, 2021లో కన్నుమూశారు.

జకార్తా

1962 ఆసియా క్రీడలు ఇండోనేషియా రాజధాని జకార్తాలో జరిగాయి. రహీం సాబ్ అప్పటికే ఊపిరితిత్తుల జబ్బుతో ఉన్నారు. అది కేన్సర్. ఆయన సిగరెట్లు బాగా కాల్చేవారు.

మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. తర్వాత థాయ్‌లాండ్‌ని 4-1తో గెలిచాం గానీ ఆ మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. జపాన్‌ని 2-0తో దాటి సెమీస్‌కి వచ్చాం.

ఇక్కడ రహీం సాబ్ తీసుకున్న నిర్ణయం ఇప్పటికీ కోచ్‌లు చెప్పుకుంటారు. కుట్లు పడిన తలతో జర్నైల్ వెనక నిలబడి డిఫెండ్ చేయడం కష్టం. అలాగని అంత గుండె ఉన్న ఆటగాణ్ని బయట కూర్చోబెట్టడమూ కష్టమే. కాలేజీ రోజుల్లో జర్నైల్ ఫార్వర్డ్‌గా ఆడిన సంగతి రహీం సాబ్‌కి తెలుసు. అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకి పంపారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచాం. చునీ గోస్వామి రెండు గోల్స్, జర్నైల్ ఒకటి.

1962 సెప్టెంబర్ 4న ఫైనల్, మళ్లీ దక్షిణ కొరియాతోనే. జ్వరం నుంచి కోలుకున్న పీటర్ తంగరాజ్‌ని గోల్‌కీపర్‌గా దింపారు. స్టేడియం నిండా జనం, దాదాపు అందరూ మనకి వ్యతిరేకమే. ఇజ్రాయెల్, తైవాన్ జట్లని ఆ క్రీడలకి రానివ్వకపోవడాన్ని మన దేశపు క్రీడా అధికారి తప్పుపట్టారని అక్కడివాళ్లకి కోపం. ముందురోజు రాత్రి రహీం సాబ్ ఆటగాళ్లతో పెద్ద ఉపన్యాసం ఏమీ చెప్పలేదంటారు. రేపు బంగారు పతకాన్ని నాకు కానుకగా ఇవ్వండని మాత్రం అడిగారట.

17వ నిమిషంలో పి.కె. బెనర్జీ గోల్ కొట్టారు. 20వ నిమిషంలో జర్నైల్ సింగ్ కొట్టారు. చివర్లో కొరియా ఒకటి తిరిగి ఇచ్చింది. 2-1. కొన్ని రోజుల కిందట మనల్ని 2-0తో ఓడించిన జట్టు మీదే గెలుపు.

ఇప్పుడు చెప్పండి, ఈ పతకం ఎవరిది? జర్నైల్‌ని ముందుకి పంపింది కోచ్. పగిలిన తలతో గోల్ కొట్టింది జర్నైల్. ఒకటి లేకపోతే రెండోది లేదు.

తర్వాత ఏమైంది

1963 జూన్ 11న రహీం సాబ్ ఇంతెకాల్ అయ్యారు. వయసు 53 ఏళ్లు. జకార్తా గెలిచి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. కోచ్‌లకి ఇచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలైంది 1985లో.

ఆయన పోయినా చునీ, పి.కె., జర్నైల్ లాంటి ఆటగాళ్లు ఉన్నారు. 1964 ఆసియా కప్‌లో మనం రెండో స్థానంలో నిలిచాం. అంటే ఆటగాళ్ల సత్తా నిజమే. కానీ ఆ తరం అయిపోయాక? 1960 తర్వాత మన ఫుట్‌బాల్ జట్టు మళ్లీ ఒలింపిక్స్ గడప తొక్కలేదు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో ఒక కాంస్యం వచ్చింది. ఆ జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాదీయే, సిటీ పోలీస్ జట్టులోనే ఎదిగిన ఆటగాడు. ఆయన తర్వాత కోచ్ అయ్యి ద్రోణాచార్య కూడా అందుకున్నారు. ఆసియా క్రీడల బంగారు పతకం మాత్రం 1962 తర్వాత ఇంతవరకు రాలేదు.

నాకు అర్థమైంది ఇది. మ్యాచ్ రోజు గెలిపించేది ఆటగాడే, అందులో అనుమానం లేదు. కానీ ఆటగాళ్లు ఒక తరంతో అయిపోతారు. తర్వాతి తరాన్ని తయారుచేసేది కోచ్. రహీం సాబ్ పోయాక మన దేశం ఆయన పేరు తలుచుకుంది గానీ ఆయన పద్ధతిని, ఆ పిల్లల పోటీల్ని, ఆ బడిపంతులు ఓపికని ఊరూరా నిలబెట్టలేదు.

మళ్లీ మన టీ కొట్టు దగ్గరికి

వాలీబాల్‌లో ఒక్కో సెట్‌కి కోచ్‌కి రెండు టైమ్‌అవుట్లు ఉంటాయి, ఒక్కోటి 30 సెకన్లు. ఆటగాళ్లని మార్చుకోవచ్చు. రహీం సాబ్ కాలపు ఫుట్‌బాల్‌లో ఇవేవీ లేవు. విజిల్ ఊదాక కోచ్ చేతిలో ఇంచుమించు ఏమీ ఉండేది కాదు. అయినా ఆయన తేడా చూపించారంటే అదంతా విజిల్‌కి ముందు చేసిన పనే. వాలీబాల్ కోచ్‌కి ఉన్న ఆ 30 సెకన్లూ కొత్తగా నేర్పడానికి చాలవు, నేర్పింది గుర్తుచేయడానికే పనికొస్తాయి.

అందుకే ఓడిపోయిన మన కుర్రాళ్లని నేను ఒకటే అడిగాను. టోర్నమెంట్‌కి ముందు ఎన్ని రోజులు ప్రాక్టీస్ చేశార్రా అని. తొమ్మిది రోజులు అన్నారు. అందులో రెండు రోజులు వర్షం. ఎందుకురా అంటే ఒకడి ఇంట్లో పరీక్షలని పంపలేదు, ఇంకొకడు సాయంత్రం షాపులో కూర్చోవాలి, ఇంకొకడి అబ్బాజాన్‌కి ఆటలంటేనే పడదు. పీడీ సార్ రోజూ వచ్చి నెట్ కట్టుకుని కూర్చునేవారట, ఆరుగురు కూడా పోగయ్యేవాళ్లు కాదట.

మన అనకాపల్లి వాళ్లకి బెల్లం సంగతి చెప్పక్కర్లేదు. చెరకు మంచిదైనా పెనం దగ్గర నిలబడేవాడికి పాకం తెలియకపోతే బెల్లం నల్లబడుతుంది. పాకం తెలిసినవాడున్నా చెరకే రాకపోతే వాడు మాత్రం ఏం వండుతాడు? మన ఇళ్లల్లోంచి పిల్లల్ని రోజుకో గంట గ్రౌండ్‌కి పంపకుండా, మ్యాచ్ రోజు మాత్రం వచ్చి కోచా కుర్రాళ్లా అని కొట్టుకోవడం మనకి న్యాయం కాదు.

రహీం సాబ్ సిటీ పోలీస్ జట్టుతో గడిపింది పదమూడేళ్లు. మనవాళ్లు ఆడింది తొమ్మిది రోజులు, రెండు రోజుల వర్షం తీసేస్తే ఏడు. అయినా ఐదో సెట్‌లో 13-13 దాకా వచ్చారు. ఇంకో నెల రోజులు ఇచ్చి ఉంటే ఆ రెండు బంతులు ఎక్కడ పడేవో ఇంట్లో పెద్దవాళ్లు ఒకసారి ఆలోచించాలి.

అల్లాహ్ రహీం సాబ్‌కి మగ్ఫిరత్ ప్రసాదించుగాక. ఆమీన్.